కడగని కుండ

పోలండు దేశంలో ఒక పల్లెటూరి భోజనశాలలో కూర్చుని, డెబ్బయ్యారేళ్ల వయసులో, నేను కన్నీళ్లు పెట్టుకున్నానంటే మా వాళ్లెవరూ నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. నేను ఏడ్చే రకం కాదు, ఏడిపించే రకం. ముప్పయ్యేళ్లకు పైగా హిందూపురంలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఇప్పటికీ నేను బజారులో నడుస్తుంటే, మనవళ్లను ఎత్తుకున్న ఆడవాళ్లు నన్ను చూసి చటుక్కున కొంగు సర్దుకుని నిలబడతారు. అలాంటిదాన్ని, ముందున్న మట్టి గిన్నెలో చారు ఒక్క చెంచా నోట్లో పోసుకుని, చెంచా అక్కడే పెట్టేసి, పైటచెంగు కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. కారం ఎక్కువైందేమోనని పక్కనున్న పిల్ల నీళ్లు అందించింది. ఆ వంటల్లో కారమన్నది మందుకైనా లేదు పాపం.

అక్కడికి నేనెలా పోయానో ముందు చెప్పాలి. ధర్మవరం పట్టుచీరల ప్రదర్శన ఒకటి ఆ దేశంలో పెట్టారు. మగ్గం మీద నేను రాసిన నాలుగు వ్యాసాలు ఎవరో చదివి, నేత గురించి ఇంగ్లీషులో చెప్పగలిగే ముసలావిడ ఒకరుంటే చీరలకు వన్నె వస్తుందనుకున్నట్టున్నారు. నన్నూ వెంటబెట్టుకుపోయారు. నాలుగు రోజులు చీరల మడతలు విప్పి చూపించడం, కుచ్చిళ్లు పోసి చూపించడం అయ్యాక, ఐదో రోజు మధ్యాహ్నం మమ్మల్ని ఊరి బయటికి తీసుకుపోయి, తమ దేశపు అసలైన భోజనం పెట్టిస్తామన్నారు. వాళ్ల మాట మాకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి ఒక కాలేజీ పిల్ల వెంట ఉంది. నీళ్లు అందించింది ఆ పిల్లే.

ఆ ఇల్లంతా చెక్కే. దుంగల మీద దుంగలు పేర్చి కట్టిన గోడలు, తల తగిలేంత కిందికి దూలాలు, ఇద్దరు పట్టినా కదలని బల్లలు. గోడలకు వెల్లుల్లి గుత్తులు, పువ్వులు కుట్టిన గుడ్డలు. ముందుగా నల్లటి రొట్టె, ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయలు తెచ్చారు. తర్వాత అచ్చం మన కజ్జికాయల్లాంటివి వచ్చాయి. అంచు మడతలతో సహా అదే ఆకారం. కాకపోతే వాళ్లు నూనెలో వేయించరు, నీళ్లలో ఉడికిస్తారు. లోపల కొబ్బరీ బెల్లమూ కాదు, మేం ఉర్లగడ్డ అనే బంగాళాదుంప, పాలవిరుగుడు. మా జట్టులో మగవాళ్లు అవి రెండేసి తిని చేతులు తుడుచుకున్నారు. హోటలు గదిలో పుట్నాలపొడి, అటుకులు ఉన్నాయన్న ధైర్యం వాళ్లది. నాకు అలాంటి ధైర్యాలతో పనిలేదు. ఏ ఊరికి పోతే ఆ ఊరి తిండి తినాలన్నది నా పంతం. ఇంకేముందని అడిగాను. పిండి పులియబెట్టి కాచే చారు ఒకటుంది గానీ, వాసన మీకు పడదేమోనని ఆ పిల్ల నసిగింది. “నువ్వు తెమ్మని చెప్పు తల్లీ, పడేదీ లేనిదీ నా ముక్కు చూసుకుంటుంది” అన్నాను.

చారు కంటే ముందు దాని వాసన వచ్చింది. తెల్లగా, చిక్కగా, మధ్యలో ఉడికించిన గుడ్డు రెండు ముక్కలై తేలుతోంది. మాంసం వద్దన్నానని తీసేశారు. దాని పేరు జురెక్ అట. పేరు ఏదైతేనేం, నాలుక మీద పడగానే నాకు తెలిసిపోయింది. చింతపండు పులుపు కాదు, నిమ్మకాయ పులుపు కాదు, పెరుగు పులుపూ కాదు. గొంతు దిగాక ముక్కులోకి మెల్లగా ఎక్కే పులుపు. అది పెనుకొండలో మా అవ్వ కాచిన చారు. నా చేతుల్లోనే రెండుసార్లు పోయిన రుచి.

మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, పెనుకొండలో కోర్టుకు పోయే దారిలో పూటకూళ్ల ఇల్లు నడిపేది. బోర్డు లేదు, పేరు లేదు. “అవ్వ ఇల్లు” అంటే చాలు. వాయిదాలకు వచ్చే రైతులు, బస్సు దిగిన బేరగాళ్లు, పొద్దున బండికి పోవలసినవాళ్లు వచ్చి బారుగా కూర్చునేవారు. రాగిముద్ద, పప్పు, ఊరిబిండి పచ్చడి, చారు. ఇంతే. రేపు ఏముందని అడిగే అవసరం ఎవరికీ ఉండేది కాదు. నయాపైసలు వచ్చిన కొత్తలు అవి. హిందూపురంలో నాయన బెల్లం మండీలో పనిచేసేవాడు. అమ్మకు నా తర్వాత ఇద్దరు పిల్లలు వెంటవెంటనే పుట్టడంతో, నన్ను అవ్వ దగ్గర ఉంచారు. ఆ ఇంట్లో పొగ, కాలిన రాగిపిండి, పేడతో అలికిన నేల, వేయించిన ఎండుమిరపకాయ, అన్నీ కలిసిన వాసన ఒకటుండేది. బడికి పోతే నా జడలోనూ అదే వాసన. పక్కన కూర్చున్న పిల్ల “నిన్ను చూస్తే ఆకలైతాదే” అనేది. అది నాకు గర్వంగా ఉండేది.

ఆ వాసనలన్నిటికీ పెద్దదిక్కు వంటింటి మూలనున్న కలికుండ. కలి అంటే ఏమీ లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, గుప్పెడు రాగిపిండి కలిపి పులియబెట్టిన నీళ్లు. పొద్దున్నే అవ్వ దాంట్లోంచి చారుకు కావలసినంత ముంచుకుని, ముంచినంత మేర కొత్త గంజీ కడుగునీళ్లూ పోసి, పిండి చల్లి, తెడ్డుతో కలిపి, గుడ్డ కట్టేది. పాతది కొత్తదానికి పులుపు నేర్పేది. కుండను ఎప్పుడూ ఖాళీ చేయకూడదు, లోపల ఎప్పుడూ కడగకూడదు. బయట మాత్రం శుక్రవారం తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టేది. తన నుదుట లేని బొట్టు ఆ కుండకు పెట్టేది అవ్వ. ఆ కలి ఆమెకు వాళ్లత్త ఇచ్చింది, ఆ అత్తకు ఆమె అత్త ఇచ్చింది. అంతకు ముందు ఎవరిచ్చారో అవ్వకూ తెలియదు. ఇంకొక నియమం అన్నిటికంటే గట్టిది: దీపాలు పెట్టాక కలి గడప దాటకూడదు. దాటితే దానితో పాటు ఇంటి కళ కూడా పోతుంది.

ఆ నియమం వెనక ఒక పగ ఉంది. అవ్వకు తోడికోడలు ఒకామె ఉండేది, మేం చిన్నవ్వ అనేవాళ్లం. ధర్మవరంలో అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో మగ్గాలు వేసుకుని బతికినన్నాళ్లూ కుండ ఒకటే. వేరు పడినప్పుడు పెద్దకోడలని కుండ అవ్వకు వచ్చింది. సామాను బండికెక్కించే సాయంత్రం, ఇంట్లో దీపం వెలిగించాక, చిన్నవ్వ ఎవరినీ అడక్కుండా ఒక చెంబెడు కలి ముంచుకుని కొంగు కింద పెట్టుకుపోయింది. పక్షం తిరక్కుండా పెనుకొండలో తాత జ్వరంతో పోయాడు. అంతే. తాతను తీసుకుపోయింది జ్వరం కాదు, ఆ చెంబు అని అవ్వ తీర్మానం. నాకు ఊహ వచ్చినప్పటి నుంచి ఆ కథ నూరుసార్లు విన్నాను. “నా మొగుణ్ని చెంబులో ముంచుకపోయిందే అది” అనేది అవ్వ, చారులో తిరగమాత వేస్తూ. ధర్మవరం మనిషి తిండికి వస్తే వడ్డించేది గానీ, ఆ ఊరి కబురు మాత్రం అడిగేది కాదు.

నాకు పదేళ్లప్పుడు మా బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. తెల్ల చీర, చేతికి గడియారం. ఆమె పరిశుభ్రత గురించి పాఠం చెప్పింది. కంటికి కనపడని పురుగులుంటాయని, తోమని గిన్నెల్లో కోట్లకొద్దీ పుడతాయని, మనుషుల్ని చంపేది అవేనని చెప్పింది. నేను క్లాసులో మొదటిదాన్ని. మొదటివాళ్లకు ఉండే రోగమే నాకూ ఉండేది, చెప్పింది వెంటనే చేసి చూపించాలి. ఆ వారమే లేపాక్షిలో చుట్టాల పెళ్లికని అవ్వ పొయ్యి ఆర్పి, నన్ను పక్కింటావిడకు అప్పగించి రెండు రోజులు పోయింది. నేను కలికుండ గుడ్డ విప్పి చూశాను. లోపల అంచు చుట్టూ బూడిదరంగు పాచి, అడుగున బురదలాంటి గసి. టీచరమ్మ చెప్పినవన్నీ అక్కడే ఉన్నాయి. ఈడ్చుకుపోయి దిబ్బలో కుమ్మరించాను. కొబ్బరిపీచు, ఇటుకపొడి, సీకాయ పెట్టి, చేతులు ఎర్రబడేదాకా తోమాను. మూడుసార్లు కడిగాను. ఎండలో గోడ మీద బోర్లించాను. ఆ కుండ లోపల ఎరుపు రంగని ఆ రోజే మొదటిసారి తెలిసింది. అవ్వ వచ్చి నన్ను ముద్దు పెట్టుకుంటుందని ఎదురుచూశాను.

అవ్వ మూట కూడా దించకుండా గోడ వైపు చూసింది.

“ఇదేందే, కుండ ఆడెక్కింది?”

“నేనే తోమితినవ్వా! లోపలంతా పాచి. సీకాయ పెట్టి తోమి ఎండేసినా.”

“కలి యాడ పోసినావు?”

“దిబ్బలో.”

అవ్వ మూట కింద పెట్టి దిబ్బ దగ్గరికి నడిచింది. ఎర్రమట్టి ఎప్పుడో తాగేసింది, తడి కూడా మిగల్లేదు. ఆమె వంగి ఒక చిటికెడు మట్టి తీసుకుని వాసన చూసింది. చూసి, అక్కడే గొంతుక్కూర్చుంది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బాగుండునని ఆ సాయంత్రమంతా అనుకున్నాను. నేను చేసింది ఎంత పనో, ఆమె నన్ను కొట్టకపోవడం వల్లే తెలిసింది.

మరుసటి రోజు నుంచే కొత్త కలి మొదలుపెట్టింది. మూడో రోజు కుళ్లు వాసన. పారబోసి మళ్లీ పెట్టింది. ఐదో రోజుకు పులిసింది గానీ ఆ పులుపు పళ్లు జివ్వుమనిపించే పులుపు. ఈలోగా తిండికి వచ్చేవాళ్లకు చింతపండు చారే పోసింది. ఎవరూ ఏమీ అనలేదు, మర్యాదకు. ఆఖరికి ఆమడగూరు వైపు నుంచి వాయిదాకు వచ్చే పెద్దాయన ఒకాయన, ఏళ్ల తరబడి అవ్వ చేతి తిండి తిన్నాయన, ఒక గుక్క తాగి నవ్వాడు. “ఏమవ్వా, వంటకు కొత్తోళ్లను పెట్టుకుంటివా? ఇది నీ చారు కాదే!” అన్నాడు. ఆయన సరదాకే అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. మరునాడు పొయ్యి వెలిగించలేదు. వచ్చినవాళ్లను వాకిట్లోంచే పంపేసింది. పక్కింటావిడ వచ్చి, “ఏల మూసుకుంటివి? హిందూపురంలో చింతపండు బండ్లకొద్దీ ఉండాది, తెప్పించుకో” అంది. “చింతపండు చారు యాడైనా దొరుకుతాది. దానికి నేనేల, నా పొయ్యేల?” అంది అవ్వ. మూడు రోజులు ఆ ఇంట్లో పొగ లేదు. ఆ పొయ్యి వెలగకపోతే అవ్వకు ఇంకో బతుకుతెరువు లేదని, కొడుకు దగ్గరికి హిందూపురం పోయి మూలన కూర్చునే మనిషి కాదని నాకు తెలుసు. పదేళ్ల పిల్లనైనా ఆ మాత్రం తెలుసు.

నాలుగో రోజు నేనే అన్నాను. “అవ్వా, చిన్నవ్వ ఇంట్లో ఉంటాది కదా మన కలి?”

అవ్వ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. “దాని పేరెత్తొద్దని చెప్పల్యా నీకు?” అంది. నేను వాకిట్లోకి పోయి కూర్చున్నాను. నేనన్న మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది, ఎటూ పోలేదు. ఇంకో రెండు రోజులకు, మధ్యాహ్నం, అవ్వ ఉతికిన చీర కట్టుకుంది. ఇత్తడి చెంబు ఒకటి బొగ్గుతో తోమి సంచిలో పెట్టింది. “పద పాపా, చేసినదానివి నువ్వే, అడిగేది నువ్వే” అంది.

ధర్మవరం పోయే పాసింజరు ఆ రోజు పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ రానంత ఆలస్యంగా వచ్చింది. మేం దిగి, పట్టునూలు ఆరేసిన వీధులన్నీ దాటి, చిన్నవ్వ వీధి మొగదలకు చేరేసరికి పొద్దు వాలిపోయింది. అవ్వ ఆ వీధి మొదట్లో ఎవరిదో అరుగు మీద కూర్చుండిపోయింది. ఇక అడుగు వేయనంది. చెంబు నా చేతిలో పెట్టింది. నేనొక్కదాన్నే పోయాను. చిన్నవ్వ వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. లోపల మగ్గం చప్పుడు. అవ్వ చెప్పిన కథల్లో ఆమెను ఎంత పెద్ద రాక్షసిగా ఊహించుకున్నానో! చూస్తే అవ్వ కంటే పొట్టి, ముందు పన్ను ఒకటి లేదు.

“ఎవురు పాపా నువ్వు?”

“పెనుకొండ అవ్వ మనవరాల్ని. మా కలి పోయింది. నేనే కుండ తోమి పారబోసినా. కొంచెం కలి పొయ్యవా చిన్నవ్వా?”

రాట్నం ఆగింది. “తోమితివా! దేంతో?” అంది. సీకాయతో అన్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆ నవ్వు పోయి నీళ్లు మాత్రం మిగిలాయి. “మీయవ్వ యాడుండాది?” అంది. చెయ్యి చూపించాను. లేచి చరచరా నడిచింది, వెనక నేను. అప్పటికి వీధిలో ఒక్కో గూట్లో దీపం వెలుగుతోంది.

“అక్కా, లోపలికి రా” అంది చిన్నవ్వ.

అవ్వ ఆమె ముఖం చూడలేదు. “కలి ఇస్తే తీస్కపోతాం. మాకు బండి ఉండాది.”

“దీపాలు పెట్టినారు కదక్కా. ఇప్పుడియ్యను.”

“ఆపొద్దు చూసుకుంటివా దీపాలు?” అంది అవ్వ. ఆ మాట పదకొండేళ్లు నోట్లో పెట్టుకుని ఉన్నట్టు అంది.

చిన్నవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంది. “చూసుకోల్యా. నువ్వు కుండ తీస్కపోతాంటే నాకు ఏడుపొచ్చె. అత్త చేతి కలి నా ఇంట్లో ఇంక ఉండదే అనిపించె. అడిగితే నువ్వియ్యవనుకుంటి. దీపం సంగతి నాకు మతికే రాల్యా. బావ పోయినాడని తెలిసినప్పుడు గదా వచ్చె మతికి! ఆపొద్దు నుంచి నేనేం నిద్రపోయినాననుకుంటివా?” అంది. మళ్లీ తనే అంది: “ఇప్పుడు తెలిసి తెలిసి ఎట్లిద్దును? ఇచ్చినాక నీకేమన్నా అయితే, ఈసారి ఎవురికి చెప్పుకోవల్ల నేను? రాత్రికి ఉండు. పొద్దున్నే నా చేత్తో పోస్తా.”

అవ్వ అరుగు మీది నుంచి కదల్లేదు. బండికి వేళ దగ్గరపడుతోందని నాకు భయం. ఇక్కడ పంతం గెలిస్తే పెనుకొండలో పొయ్యి వెలగదు. నేను అవ్వ చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగాను. అవ్వ నా చెయ్యి విడిపించుకుని, చిన్నవ్వ వైపు తిరక్కుండానే అడిగింది:

“రాత్రికేం చేసినావు?”

“ముద్ద, చారు.”

అవ్వ లేచింది. ఆ ఇంటి నడవలో, మగ్గం పక్కన, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చిన్నవ్వ చారు పోసింది. అవ్వ గిన్నె రెండు చేతులతో ఎత్తుకుని తాగింది. కిందికి దించకుండా మొత్తం తాగింది. మేమంతా ఆమె ముఖం చూస్తున్నాం. “ఉప్పు తక్కువ” అంది. “నీకెప్పుడూ ఉప్పు తక్కువే” అంది చిన్నవ్వ, ఇంకో గరిటె పోస్తూ. అవ్వ కళ్లు తుడుచుకోలేదు, అట్లాగే తాగింది.

పొద్దున చిన్నవ్వ చెంబు నిండా కలి పోసి, ఆముదపు ఆకు మూతేసి నారతో కట్టింది. దారి పొడుగునా ఆ చెంబు నా ఒళ్లోనే. రైలింజను బొగ్గు కళ్లలో పడ్డా చెయ్యి తీయలేదు. కుండ నిండడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొయ్యి వెలిగింది. అవ్వ, చిన్నవ్వ ఆ తర్వాత ప్రాణస్నేహితులైపోయారని రాస్తే అబద్ధమవుతుంది. కలిసిన ప్రతిసారీ ఎవరి కలి అసలుదని పోట్లాడుకునేవారు. “నువ్వు పోసుకున్నది నాదే” అని చిన్నవ్వ, “నువ్వు దొంగిలించింది నాదే” అని అవ్వ. కానీ పోట్లాటకైనా మాట కలపాలి కదా. పదకొండేళ్లు వాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు.

ఇక రెండోసారి పోవడం గురించి. ఈ సంగతి ఇంతవరకు నేనెక్కడా రాయలేదు. అవ్వ పోయాక కలి నా దగ్గరికి వచ్చింది. నా పెళ్లి, ఉద్యోగం, ఇళ్లు మారడం, అన్నిట్లోనూ చెంబులో పెట్టుకుని తిప్పాను. గ్యాసు పొయ్యి వచ్చింది, కుక్కరు వచ్చింది, గంజి వార్చడం పోయింది. అయినా దానికోసమని విడిగా గంజి కాచేదాన్ని. తర్వాత నా పుస్తకాలు వచ్చాయి, సభలు వచ్చాయి. ఒక ఎండాకాలం మూడు వారాలు ఊళ్లు తిరిగి వచ్చి చూస్తే, కుండలో నల్లటి బూజు. మొదటిసారి తెలియక చంపాను, రెండోసారి తీరిక లేక. గుట్టుచప్పుడు కాకుండా పారబోసి, ధర్మవరం బస్సెక్కాను, చిన్నవ్వ వాళ్లింట్లో ఉంటుందన్న ధీమాతో. చిన్నవ్వ కోడలు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, “ఇంకా యాడుందమ్మా అది! ఇరవై ఏండ్లాయె మానుకొని. ప్యాకెట్టు పులుపు వేసుకుంటాం” అంది. తిరుగు బస్సులో కూర్చుని అర్థం చేసుకున్నాను. మొదటిసారి మా కలి బతికింది, ఒకరు దాన్ని దొంగిలించినందుకు. ఆ తర్వాత దొంగిలించేంత ఆశ ఎవరికీ లేకపోయింది.

అందుకే ఆ చెక్క ఇంట్లో నేను కళ్లు ఒత్తుకున్నది. ఒత్తుకోవడం అయ్యాక లేచి నేరుగా వాళ్ల వంటింట్లోకి పోయాను. పిలవకుండా పోవడం నాకు అలవాటే. వంట చేస్తున్న యజమానురాలు నా ఈడుదే. తలకు గుడ్డ, లావు చేతులు. కిటికీ దగ్గర గుడ్డ కట్టిన మట్టి జాడీ. అందులో ఏదో ధాన్యపు పిండి నీళ్లలో పులుస్తోంది. కాలేజీ పిల్లతో ఒక్క ప్రశ్న అడగమన్నాను: “ఈ జాడీని లోపల కడుగుతారా?” ఆ పిల్ల అడగగానే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “మా అవ్వ బతికుంటే, ఆ మాట అడిగినందుకే మిమ్మల్ని బయటికి పంపేది అంటోంది” అని ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. నేను పకపకా నవ్వాను. “మా అవ్వ అయితే మట్టి వాసన చూసేదని చెప్పు” అన్నాను. ఆ తర్వాత నా కథ మొత్తం చెప్పాను. పిల్ల మార్చి చెబుతుంటే ఆమె పొయ్యి తగ్గించి విన్నది. విని, ఒక సీసా కడిగి ఆరబెట్టి, జాడీలోంచి రెండు గరిటెలు పోసి మూత బిగించి ఇచ్చింది. బయట మంచి ఎండ. నేను కిటికీలోంచి పొద్దు చూసుకునే పుచ్చుకున్నాను.

ఆ సీసా నాలుగు నూలుచీరల మధ్య పడుకుని హిందూపురం వచ్చింది. మొదట్లో రాగిపిండికి అలగింది, గంజికి బెట్టు చేసింది. నేను బెట్టు చేసే ఆడపిల్లలను ముప్పయ్యేళ్లు చూసినదాన్ని. నెల తిరిగేసరికి దారికి వచ్చింది. అవ్వ కలి అని చెప్పను. దాని తల్లి వేరు, నీళ్లు వేరు. కానీ గొంతు దిగాక ముక్కులోకి ఎక్కే ఆ పులుపు ఎక్కుతోంది. అవ్వ కాలంలో ఊరంతటికీ చారు తెలుసు, కుండ ఒక ఇంట్లో ఉండేది. ఇప్పుడు ఫోన్లలో వెయ్యి చార్లు కాచి చూపిస్తారు, ఒక్క కుండ కనపడదు. అప్పుడంతా బాగుండేదని నేననను. అవ్వ మోకాళ్లు పొయ్యి ముందే అరిగిపోయాయి. కలి కోసం మళ్లీ కట్టెల పొయ్యి ముందు కూర్చోమంటే నేను కూర్చోను. ఒక గిన్నె గంజి కాచి, ఒక గుప్పెడు పిండి చల్లడానికి మాత్రం తీరిక చేసుకోగలను. సభలకు తిరిగిన ఆ రోజుల్లోనూ చేసుకోగలిగేదాన్నే.

చిన్నవ్వ మునిమనవరాలు గీత ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పెనుకొండలో ఇంకో ఇద్దరు పిల్లలతో గది తీసుకుని ఉంది. ఆదివారం వస్తే నా దగ్గర చారు తాగి పోతుంది. పోయిన నెల గిన్నె నాకేసి, “అవ్వా, నాకూ కొంచెం పొయ్యి. మా రూములో పెట్టుకుంటా” అంది. “నీకా? షిఫ్టులని చెప్పి మూడో రోజుకే చంపుతావు. ఆర్నెల్లు వచ్చి చూసి నేర్చుకో, ఆమీట చూస్తాం” అన్నాను. నా నోరు అలాంటిది. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

మొన్న ఆదివారం సాయంత్రం నేను దేవుడి దగ్గర దీపం వెలిగించి, నడవలోకి వచ్చి పేపరు పట్టుకున్నాను. వంటింట్లో చప్పుడైంది. తలుపు సందులోంచి చూస్తే, గీత కలికుండ గుడ్డ విప్పి, తన నీళ్ల సీసాలోకి గరిటెతో ముంచి పోసుకుంటోంది. ఒలకకుండా, గబగబా, అచ్చం దొంగలాగే. దీపం అప్పుడే అంటుకుని నిటారుగా వెలుగుతోంది. నాకు అవ్వ గుర్తుకొచ్చింది, అరుగు మీద కదలకుండా కూర్చున్న అవ్వ. నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, రెండుసార్లు గట్టిగా దగ్గాను, గుడ్డ మళ్లీ కట్టుకునేదాకా టైమివ్వాలి కదా. కాసేపటికి గీత బ్యాగు భుజానికి తగిలించుకుని, “పోయొస్తానవ్వా, బస్సుకు టైమైంది” అని, నా కాళ్లకు మొక్కి బయల్దేరింది. సీసా నిటారుగా పట్టుకో, కుదుపులకు పొంగుతుంది అని చెప్పబోయాను. చెప్పలేదు.